వెనక సీటు తీసిన బండి

మొన్న శనివారం మధ్యాహ్నం మా మేనత్త సంగారెడ్డి దవాఖానలో పోయింది. ఫోన్ చేసింది మామ. "అల్లుడా, మీ అత్త ఇగ లేదురా" అన్నాడు, అంతే. నేను నారాయణఖేడ్‌లో మా మోటార్ వైండింగ్ షాపులో ఎవరిదో బోరు మోటారు విప్పుకొని కూర్చున్నాను. చేతుల నిండా నూనె. ఏడుపు రాలేదు. ముందుగా బయట నిలబెట్టిన నా జీపు కనిపించింది, దాని వెంటే సిగ్గేసింది. ఆ జీపులో నాతో పాటు మంచుకొండలు చూడ్డానికి రావాలని మా అత్తకు ఉండేది. ఆమె బతికుండగా ఆ సంగతి నేను తెలుసుకోలేదు. తెలుసుకోవాలని అనుకోలేదేమో కూడా.

అత్త ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అత్త మాత్రం "అడిగి తింటె కడుపు నిండుతదా అల్లుడా?" అనేది. పెళ్లి బంతిలో ఇంకో భక్ష్యం కావాలంటే "భక్షాలు ఈసారి మస్తు మెత్తగొచ్చినయి" అని, వడ్డించేవాళ్లు వినేదాకా మెచ్చుకునేది. మనూరు బస్సులో సీటు కావాలంటే కూర్చున్న పిల్ల పక్కన నిలబడి "నీ సంచి బరువున్నట్టున్నది బిడ్డా, నేను పట్టుకోవాల్నా?" అనేది. ఆ పిల్ల సిగ్గుపడి లేచేది. మీ ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు ఒకరుంటారు. మేమంతా ఈ తీరు చెప్పుకొని నవ్వేవాళ్లం. ఆమె మాట వెనక మాట పట్టుకోవడం మాకందరికీ వచ్చు. నా బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు ఒక్కటీ అర్థం కాలేదు.

రెండేళ్ల కిందట జహీరాబాద్‌లో ఒక రోడ్డు కాంట్రాక్టర్ వాడి వదిలేసిన ఫోర్‌వీల్ జీపు కొన్నాను. ఖేడ్ నుంచి కశ్మీరు, అక్కడి నుంచి లడఖ్, దారిలో బండి దగ్గరే వండుకొని బండిలోనే పడుకొని పోవాలని నా పిచ్చి. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి తలకెక్కింది. ఇంట్లో అందరూ దాన్ని పాత ఇనుపసామాను కింద జమకట్టి నవ్వారు. ఎదురింట్లో ఉండే అత్త నవ్వలేదు. పొద్దున వాకిలి ఊడ్చి, చీపురు చేతిలో పట్టుకొనే వచ్చి బండి చుట్టూ తిరిగేది. బానెట్ లేపితే తొంగి చూసేది. రెండుసార్లు విసుగొచ్చి తుక్కుకు అమ్మేస్తానంటే ఆమే ఆపింది. ఆ ఓపిక నాది కాదు, ఆమెదే. బండి వీధిలో గడగడలాడుతూ వస్తే "ఖాళీ బండికి సప్పుడెక్కువ" అనేది. అది సస్పెన్షన్ గురించి అనుకొని నేను కొత్త బుష్‌లు వేయించాను.

పైన క్యారియర్ కట్టించాను. రెండో బ్యాటరీ పెట్టాను. పక్కకు విప్పితే పందిరయ్యే టార్పాలిన్ అమర్చాను. అయినా పడుకోవడానికి జాగా లేదు. వెనక సీటు తీసెయ్యాల్సిందేనని తేల్చుకున్నాను. తుప్పు పట్టిన బోల్టులు పానాకు లొంగకపోతే అత్తే వంటింట్లోంచి నూనె తెచ్చి పోసింది. సీటు బయటికొచ్చాక దాన్ని కాసేపు చూసి "ఇగ ఎనక ఎవ్వరు కూసోరా?" అంది.

"ఎవరొస్తరత్తా నాతోని?" అన్నాను.

ఆమె ఆ సీటును తన అరుగు మీద వేయించుకుంది. సాయంత్రాలు దాని మీద కూర్చొని కందికాయలు ఒలుస్తుంటే నేను బండి కింద నుంచి "అత్తా, యాడిదాక వచ్చినవ్?" అని ఎగతాళి చేసేవాణ్ణి. "రైలు గేటు పడ్డది అల్లుడా, ఆగిన" అనేది.

సీటు జాగాలో ప్లైవుడ్ పెట్టె చేయించాను. లోపల స్టవ్వు, గిన్నెలు. పైన పరుపు. "గీ చెక్క మీద మనిషి కూసుంటె ఇరుగుతదా?" అని అడిగింది. ఇద్దరు పండుకున్నా ఇరగదని పైకెక్కి ఎగిరి చూపించాను. "నీళ్ల డబ్బ చిన్నగున్నది, ఒక్కనికే సరిపోతది" అంది. పెద్దది తెచ్చి బిగించాను. "గా మంచు కాడ ముసలోళ్లకు దమ్ము ఆడుతదా?" అంది. అక్కడ గాలి పలచనని, వయసు మళ్లినవాళ్లు రాకపోవడమే మంచిదని, వీడియోలో విన్నదంతా అప్పజెప్పాను. తల ఊపి లోపలికి పోయింది. ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికిందని నాకు సంబరం. అన్ని ప్రశ్నలకూ జవాబులు చెప్పినవాణ్ణి, "నువ్వూ వస్తవా అత్తా?" అని మాత్రం అడగలేదు.

బండి తయారైంది. దూరం పోయే ముందు బోరంచ నల్లపోచమ్మ దగ్గర పూజ చేయించాలని పట్టుబట్టింది అత్తే. ఆదివారం పొద్దున నేనూ నా దోస్తూ బయల్దేరుతుంటే బుట్టలో కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పసుపు కుంకుమ సర్దుకొని వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. కాళ్లకు చెప్పులున్నాయి. మా ఇంటికి రావడానికి ఆమె ఎన్నడూ చెప్పులు వేసుకోలేదు. ఇవన్నీ నేను చూశాను. ముందు సీట్లో దోస్తు కూర్చున్నాడు, వెనక పెట్టెకు పూసిన వార్నిష్ ఇంకా ఆరలేదు. "ఇటియ్యి అత్తా, నేను చేయించుకొస్త" అని బుట్ట అందుకున్నాను. ఆమె వెంటనే వదల్లేదు. తర్వాత "పోచమ్మకు నా దండం చెప్పు" అని వదిలింది.

దోస్తును బస్సులో రమ్మంటే సరిపోయేది. వార్నిష్ చెడితే మళ్లీ పూసుకునేవాణ్ణి. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. ఆ రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఫోటోలు దిగి, ఆమె దండం సంగతి మరిచి వచ్చాను. వచ్చాక అడిగితే చెప్పానన్నాను. ఆ తర్వాత ప్రయాణం ఈ నెల కాదు వచ్చే నెల అని నేను జరుపుతుండగానే ఆమెకు గుండెనొప్పి వచ్చింది.

ఆ శనివారం నేను జీపులో దవాఖానకు పోయాక, శవాన్ని తెచ్చే బండి కోసం ఎవరో ఫోన్ చేస్తుంటే మామ వద్దన్నాడు. "మన బండి ఉన్నది గద" అన్నాడు. కాళ్లు ముందుకు వచ్చేలా పరుపు మీద పడుకోబెట్టాం. మామ ఆమె తల దగ్గర పెట్టె అంచున కూర్చున్నాడు. మంజీర వంతెన మీద "నిమ్మలంగ పోనీ" అన్నాడు. వంతెన దాటాక తనే మాట్లాడాడు.

"నిన్ను అడుగుమని నాకు మస్తుసార్లు చెప్పిందిరా. నువ్వే అడుగరాదె అన్న. పిల్లగాడు ఖుషీగ ఒక్కడే పోతనంటుండు, నేనెందుకు బరువు అన్నది."

"నాకు సమజ్ కాలే మామా."

"నాకయింది గద. నేనన్న చెప్పకపోతి."

నాకు రోడ్డు మసకగా కనిపించింది. కళ్లు తుడుచుకొని నడిపాను. హైవే మీంచి ఖేడ్‌కు మళ్లే చోట ఎదురుగా లారీలు వస్తుంటే ఆగాను.

"గీ సీదా తోవ యాడికి పోతది?" అని వెనక నుంచి మామ అడిగాడు.

"నాందేడ్‌కు. మంచుకొండలకు పోతె గిట్లనే పోవాలె."

లారీలు వెళ్లిపోయాయి. దారి ఖాళీ అయింది. గేరు వేయబోతుంటే "జర ఆగు" అన్నాడు. అద్దంలో చూశాను. ఆమె ముఖం మీది బట్ట తొలగించి, తల కింద చెయ్యి పెట్టి మెల్లగా లేపి, ఎదుటి రోడ్డు కనిపించేలా పట్టుకున్నాడు. నేను ఇంజను ఆపేశాను.