రేవు వైపు వీచే గాలి

సిక్కోలు తీరం నుంచి పోలిరాజు పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది; మాటలో అక్కడి హిందీ కలిసిపోయింది. చేపల వేటే బతుకు. ఆ ఊళ్లోనే హాడో పేటలో చిన్న ఇల్లు, ఒక డింగీ పడవ, డిగ్రీ చదివే కూతురు జాహ్నవి. వేటలో తోడు బావమరిది తిరుమలరావు.

కిందటి అక్టోబరులో ఒక ఉదయం, తీరం కనబడనంత దూరంలో డింగీ ఇంజన్ ఆగిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. పడమటి గాలి సముద్రం లోపలికి తోస్తోంది. తిరుమలరావు తెడ్డు అందుకున్నాడు.

"ఆగరా. ఈ గాలికి ఎదురెల్లి ఏటి నాభం? మద్దేనానికి తిరుగుద్ది. అందాకా ఇంతజార్ చేద్దాం."

"కూకుంటే సస్తాం బావా!"

అరచేతులు బొబ్బలెక్కేదాకా తెడ్డు వేశాడు. పోలిరాజు మాత్రం టార్పాలిన్ విప్పి, తాళ్లు సరిచేసి, గాలి ఎప్పుడు మారుతుందా అని కనిపెట్టుకుని కూర్చున్నాడు. లోపల భయంగానే ఉంది. పైకి అనలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక మెడ వెనక చల్లగా తగిలింది. తూర్పుగాలి. టార్పాలిన్‌ను పడవలోని వెదురుగడకు కట్టి తెరచాపలా ఎత్తారు. పొద్దుగూకేలోపు రేవు చేరారు.

"నా సేతులు పోనాయి. నువ్వేమో మారాజులా కూకున్నావు" అని తిరుమలరావు వెళ్లిపోయాడు. మూడు వారాలు ఇటు తొంగిచూడలేదు. పోలిరాజు వల బాగుచేసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాడు.

ఒక సాయంత్రం జాహ్నవి పరీక్షకు చదువుతూ పిలిచింది. "నాన్నా, ఇంగ్లీషులో ఆపర్చ్యూన్ అంటే సరైన వేళకి వచ్చింది అని. లాటిన్ నుంచి వచ్చిందట. స్పెల్లింగు లోపల పోర్ట్ ఉంది చూడు, అంటే రేవు. రేవు వైపు తోసే గాలిని పాతకాలం నావికులు అలా అనేవాళ్లట. తర్వాత, మంచి సమయంలో జరిగే దేనికైనా అదే మాటయిపోయింది."

పోలిరాజు వల పక్కన పెట్టాడు. "మళ్లీ సెప్పమ్మా."

మూడుసార్లు చెప్పినా అతని నోట 'ఆపర్చూను' అనే వచ్చింది. "మతలబ్, ఆళ్లూ గాలి కోసం కూకున్నోళ్లే!" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తిరుమలరావు ఇంటికి వెళ్లి ఆ మాట సంగతంతా చెప్పాడు. తిరుమలరావు నిదానంగా విన్నాడు.

"మాట బాగున్నాది బావా. కానీ ఆ దినం నీకూ బయమేస్తందని ఒక్కపాలి అన్నా నాకు దైర్నంగా ఉండేది."

"ఏసిందిరా. శానా ఏసింది."

తిరుమలరావు లేచి చొక్కా అందుకున్నాడు. తొడుక్కుంటూ అడిగాడు: "ఇంజన్ ఎవులికైనా సూపించినావా?"

"నేదు. ఒక్కణ్నీ మొయ్యలేకపోనాను."

ఇద్దరూ డింగీ దగ్గరికెళ్లి, ఇంజన్‌ను చెరోవైపు పట్టుకుని ఆటో ఎక్కించారు, డెలానీపూర్ మెకానిక్ దగ్గరికి.