చాంద్రాయణగుట్టలో ఒక ‘ఏ’ తక్కువ

మా ప్రభుత్వ కార్ఖానాలో చల్లగా ఉండేది కంప్యూటర్ గది ఒక్కటే. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి పోవాలి. ఎండాకాలంలో అక్కడ కనిపించే చెప్పుల జతలు చూస్తే, కార్ఖానా మొత్తానికి ప్రోగ్రాములంటే ప్రాణమనుకోవాల్సిందే. ఎనభైల చివరి మాట ఇది. ఒక పెద్ద యంత్రం, దానికి ఎనిమిది టెర్మినళ్లు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలతో ఆజ్ఞ కొడితే పని జరిగేది. ఒక్క అక్షరం తప్పినా జరిగేది కాదు.

శిక్షణ కోసం బొంబాయికి పోయొచ్చింది మా గదిలో నేనొక్కణ్ణే. అక్కడ ఉన్నది రెండు వారాలు. ఆ రెండు వారాలనూ రెండేళ్లు వాడుకున్నాను. ఎవరేమడిగినా “బంబైల గిట్లనే చేస్తరు” అనేవాణ్ణి. తెలియనిదాన్ని తెలియదని చెప్పే అలవాటు నాకప్పట్లో లేదు.

ఒకరోజు ఆ యంత్రం అమ్మిన కంపెనీవాళ్లు టేపు మీద కొత్త పనిముట్టు ఒకటి పంపారు. మనం రాసిన ప్రోగ్రామును చదివి, ఎక్కడెక్కడ తప్పులున్నాయో వరుస నంబర్లతో చెబుతుందది. దాని పేరు ‘చెక్’. ఇంగ్లిషులో ఐదే అక్షరాలు. టేపు యంత్రానికి ఎక్కించి, దానితో వచ్చిన జిరాక్సు కాగితాల్లో ఉన్నట్టు ఆజ్ఞ కొట్టాను. అది ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. సంస్థ పేరు అడిగితే కొట్టాను. ఎక్కిస్తున్నవారి పేరు అడిగితే నాది కొట్టాను. నగరం అంటే హైదరాబాద్ అన్నాను. తర్వాత ‘హోమ్’ అని అడిగింది. అదే వరుసలో వచ్చిన ప్రశ్న కదా, మా ఇంటి సంగతే అడుగుతోందనుకున్నాను. అప్పుడు నేను అద్దెకుంటున్నది చాంద్రాయణగుట్టలో. బస్సు బోర్డు మీద ఇంగ్లిషులో ఎలా ఉంటుందో అలాగే, మధ్యలో ‘ఎన్’ తర్వాత ‘ఏ’ లేకుండా కొట్టాను. నిజానికి అది అడిగింది యంత్రం లోపల చెక్‌ను ఏ చోట పెట్టాలో. యంత్రం మారు మాట్లాడకుండా చాంద్రాయణగుట్ట అనే కొత్త చోటు ఒకటి తయారుచేసి, చెక్‌ను అందులో పెట్టేసింది.

టేపు ఆగాక ‘చెక్’ అని కొట్టాను. అట్లాంటిది లేదంది. గంటన్నర వెతికితే మా బస్తీ పేరు కింద దొరికింది. మళ్లీ మొదటి నుంచి ఎక్కిద్దామనుకునేలోగా మా ఆఫీసరు కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. గదిలో నీళ్లు పడకూడదు కాబట్టి గుమ్మం బయట, చెప్పుల మధ్య, కాయ కొట్టారు. లోపలికొచ్చి “ఏదయ్యా, నడిపించు” అన్నారు. నేను ముందు ఒక గీత, తర్వాత బస్తీ పేరు, మళ్లీ గీత, చెక్ అని కొట్టాను. పనిచేసింది.

“ఇదేమిటి, మధ్యలో చాంద్రాయణగుట్ట?” అన్నారు.

“కంపెనీ పద్ధతి సార్. ఏ ఏరియాకు ఆ ఏరియా పేరు పెట్టాలె.”

“భలే ఉందే” అన్నారాయన, మెచ్చుకోలుగా.

అంతే. ఆ రోజు నుంచి ఎనిమిది టెర్మినళ్ల ముందు కూర్చున్న ప్రతివాడూ రోజుకు పాతికసార్లు మా బస్తీ పేరు కొట్టాడు. స్పెల్లింగ్ చీటీల మీద రాసి పంచాను. నెలలోపే కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉపాయం కనబడింది. ఏయే చోట్ల వెతకాలో యంత్రానికి ముందే ఒక్క వరుసలో చెప్పిపెడితే, ఎవరైనా ఉత్త ‘చెక్’ అని కొట్టుకోవచ్చు. ఆ వరుస నా డైరీలో రాసుకున్నాను. యంత్రంలో మాత్రం రాయలేదు. రాస్తే, మరి ఇన్నాళ్లూ బస్తీ పేరెందుకు కొట్టించావని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి రెండు నెలలు ఇంతమంది వేళ్లు అరగదీశాను.

అప్పుడే లేత్ మిషన్ల షాపు నుంచి ఒక పెద్దాయన మా గదికి వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. ఇరవై ఏళ్లుగా లేత్ ముందు నిలబడి మోకాళ్లు రెండూ చెడగొట్టుకున్నాడు. సాయంత్రం కాలేజీలో కంప్యూటర్ చదువు చదివి, కూర్చుని చేసే పని కావాలని అర్జీ పెట్టుకున్నాడు. నెల రోజులు చూస్తాం, చివర్లో ఆఫీసరు ముందు ఒక ప్రోగ్రాము రాసి, చెక్ చేసి చూపించాలి, కుదరకపోతే మళ్లీ లేత్‌కే అన్నారు. ఆయన పుట్టిందీ పెరిగిందీ చాంద్రాయణగుట్టలోనే. ఇంట్లో బర్రెలున్నాయి. నేను స్పెల్లింగ్ చీటీ ఇవ్వబోతే చేత్తో పక్కకు నెట్టాడు.

“ఏంది తమ్మీ, నా గుట్ట పేరు నాకే రాసిస్తవా? నువ్వొచ్చి నాలుగేండ్లు గాలె. ఆ గుట్ట మీద నేను బర్రెలు మేపిన.”

“గట్ల గాదన్నా, ఇంగ్లిష్‌ల…”

“ఇంగ్లిష్‌ల గుట్ట గుట్ట గాదా?”

గదంతా నవ్వింది. నేను చీటీ జేబులో పెట్టుకున్నాను. ఆ నెలంతా ఆయన పక్క టెర్మినల్ నాది కావడంతో ఆయన ప్రోగ్రాములు నేనే చెక్ చేసి పెట్టేవాణ్ణి. అందుకే ఆయన ఆ పేరు సొంతంగా కొట్టింది మొదటిసారి పరీక్ష రోజునే.

శనివారం పొద్దున. ఆఫీసరు పెద్దాయన కుర్చీ వెనక నిలబడ్డారు. ఆయన పక్కన నేను. మూలన కంపెనీ ఇంజనీరు టేపు యంత్రం మూత తీసి తుడుస్తున్నాడు. పెద్దాయన ప్రోగ్రాము నింపాదిగా, శుభ్రంగా రాశాడు. తర్వాత గీత కొట్టి బస్తీ పేరు కొట్టాడు. ‘లేదు’ అంది యంత్రం. మళ్లీ కొట్టాడు. లేదంది. మూడోసారి ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతూ కొట్టాడు. ‘ఎన్’ తర్వాత ‘ఏ’ కొడుతున్నాడు. చాంద్రాయణ అని నోరారా పలికేవాడు ‘ణ’కు ‘ఏ’ పెట్టకుండా ఎట్లా ఉంటాడు? ఆయన రాసిందే సరైనది. తప్పు యంత్రంలో ఉంది, అక్కడ పెట్టింది నేను.

“ఆ ‘ఏ’ తీసెయ్యన్నా” అంటే సరిపోయేది. కానీ మూలనున్న ఇంజనీరు తలెత్తి చూశాడు. బస్తీ పేరేమిటని అతను అడిగితే? నోరు మూసుకున్నాను.

“సొంత ఊరి పేరే తప్పులు పోతే ఎట్లాగయ్యా? సోమవారం నుంచి షాపుకు వెళ్లిపో” అన్నారు ఆఫీసరు.

మధ్యాహ్నం పెద్దాయన ఎప్పటిలాగే తన డబ్బాలోంచి గడ్డ పెరుగు నా అన్నంలో వేశాడు. నవ్వుతూనే ఉన్నాడు.

“ఫికర్ జెయ్యకు తమ్మీ. లేత్ నాకు పాత దోస్తే. గీ మోకాళ్లకే దానితోని లొల్లి. ఒక్క పని జెయ్యి. మొన్న నువ్వియ్యబోయిన చీటీ ఉన్నదా? నా ఊరు పేరు ఎట్ల రాయాల్నో నేర్చుకుంట. నలభై ఐదేండ్లు తప్పు రాస్తున్నట్టున్న” అన్నాడు.

పెరుగన్నం సగంలోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని నేరుగా ఆఫీసరు దగ్గరికి పోయాను. ఇంజనీరు అక్కడే టీ తాగుతున్నాడు. అతను పోయేదాకా ఆగుదామని ఒక్క క్షణం మనసు లాగింది. ఆగితే మళ్లీ చెప్పనని నాకు తెలుసు. హోమ్ అంటే ఇల్లనుకోవడం, కంపెనీ పద్ధతని అబద్ధమాడటం, డైరీలో దాచిన వరుస, పొద్దున మూసుకున్న నోరు, అన్నీ చెప్పేశాను.

ఆఫీసరు సాసరు కింద పెట్టారు. “అంటే మూడు నెలలుగా నేను రోజూ కొడుతున్నది నీ ఇంటి అడ్రసా?”

“అవును సార్.”

ఇంజనీరుకు పొలమారింది. దగ్గి దగ్గి, “ఇంటి నంబరు గూడా పెట్టకపోయినవ్ భాయ్, చెక్‌కు ఉత్తరాలొచ్చేటియి” అన్నాడు.

తిట్లు తర్వాత తిన్నాను, కడుపునిండా. శిక్షణకు పోయొచ్చినవాడిననే గొప్ప ఆ పూటతో పోయింది. ముందైతే ముగ్గురం గదికి వచ్చాం. పెద్దాయన చూస్తుండగా ఆ ఒక్క వరుస రాశాను. ఆయనకు జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను.

“అంటే నాది కరెక్టేనా?”

“నీదే కరెక్ట్ అన్నా.”

“మరి పొద్దుగాల ఎందుకు జెప్పలె?”

“భయపడ్డ.”

“పెరుగు తినేటప్పుడు ధైర్యమొచ్చినట్టున్నది. రోజు పొద్దుగాల్నే తెస్త తియ్” అని కుర్చీలో కూర్చున్నాడు. ఆఫీసరు మళ్లీ పరీక్ష పెట్టారు. పెద్దాయన ‘చెక్’ అని ఐదక్షరాలు కొట్టాడు. తప్పులు లేవంది యంత్రం. సోమవారం ఆయన అదే కుర్చీలో కూర్చున్నాడు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ ఆయనదే.

ఒక్కటి మాత్రం అడిగాడు. తన స్పెల్లింగ్‌తో కూడా ఆ చోటుకు పేరుండాలట. అదే చోటుకు రెండో పేరు తగిలించాను. ఆ యంత్రం ఏ పేరులోనైనా పద్నాలుగు అక్షరాలే దాచుకుంటుంది, మిగిలినవి కోసేస్తుంది. జాబితా తీసి చూస్తే నేను పెట్టిన పేరు చివర ‘గుట్ట్’ అని, ఒక ‘ఏ’ ఎక్కువున్న ఆయన పేరు చివర ‘గుట్’ అని ఉంది.

ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు.

“గిదేంది తమ్మీ, నా గుట్టనే ఎక్కువ కొట్టేసినవ్?”

“నేను గాదన్నా, మిషను.”

“మళ్ల అబద్ధమా?”

“ఈసారి నిజమే అన్నా, ఒట్టు.”

నమ్మలేదు. పోయి ఆఫీసరును అడిగొచ్చాడు.