నాచారంలో నేను తప్పుగా విన్న మాట

పరిశోధన కోసం నాచారం వెళ్లాలనుకునే విద్యార్థులు దారి అడుగుతుంటారు కనుక ఇది రాస్తున్నాను. నిజానికి ఈసారి నేను వెళ్లింది పరిశోధనకు కాదు, క్షమాపణ అడగడానికి. పైవాళ్లు పెట్టిన నియమాల మధ్యనే సామాన్యులు రోజువారీ పనుల్లో తమ సందు తాము చూసుకుంటారని చెప్పే సిద్ధాంతం మీద నా పీహెచ్‌డీ. దానికి రుజువు కావాలని నిరుడు అక్కడొక మందుల ప్యాకింగ్ యూనిట్లో మూడు నెలలు కూర్చున్నాను. దొరికిన రుజువు అక్కడ ప్యాకింగ్ చేసే యాదమ్మగారి ఉద్యోగం తీసింది.

ఉదయం ఎనిమిదిన్నరకు ఉప్పల్ రింగురోడ్డులో దిగాను. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వేశారు, అరగంట ముందే బయల్దేరడం మంచిది. హబ్సిగూడ చౌరస్తాలో మారితే నాచారానికి షేర్ ఆటో పది రూపాయలు. ముగ్గురి సీట్లో నలుగురం ఇరుక్కున్నాం. "కొత్తగ జేరిన్రా మేడమ్, ఏ కంపెనీ?" అన్నాడు డ్రైవరు. ఒకర్ని కలవాలి అన్నాను. "సుట్టాలా?" అన్నాడు. సిగ్గులేకుండా తల ఊపాను.

జరిగిందిది. యూనిట్ వెనక బస్తీకి రోజు విడిచి రోజు పదకొండింటికి నల్లా నీళ్లొచ్చేవి. ఆ వేళకు బస్తీలో ఉండే పనివాళ్లలో వంతులవారీగా ఒకామె వెనకవైపు చిన్నగేటు గుండా వెళ్లి నాలుగిళ్ల బిందెలు నింపి వచ్చేది. ఆమె పని మిగతావాళ్లు అందుకునేవారు. సూపర్‌వైజరేమో సరిగ్గా అప్పుడే టీకి వెళ్లేవాడు. ఆయన కళ్లుగప్పే యుక్తి ఇదని నేనొక అధ్యాయం అల్లేశాను. లోపలికి రానిచ్చిన మర్యాదకు మేనేజర్‌కు ఒక కాపీ కూడా ఇచ్చాను. వారంలో చిన్నగేటుకు తాళం పడింది. కనిపెట్టలేకపోయాడని సూపర్‌వైజర్‌ను, వంతులు వేసేదని యాదమ్మగారిని పంపేశారు. పేరు మార్చి రాశాను గానీ, ఆమెను పోల్చుకోవడం వాళ్లకెంతసేపు.

తొమ్మిదిన్నరకు యాదమ్మగారి ఇల్లు చేరేసరికి ఆవిడ ఒక మెస్‌కోసం వెల్లుల్లి ఒలుస్తున్నారు. నా వల్లే ఇలా అయిందని, క్షమించమని అన్నాను.

"నువ్వు రాసింది సదివి ఇనిపిచ్చే పంపిన్రు బిడ్డా," అన్నారు తలెత్తకుండా. "అండ్ల సూపర్‌వైజర్ సార్‌కు ఏం ఎర్కలేదని రాసినవట. ఎవలు జెప్పిన్రు నీకు?"

"మీరేనండీ. ఆయనకు తెలుసా అని అడిగితే 'ఎర్కే లే' అన్నారు."

ఆవిడ చేతులు ఆగాయి. "'ఎర్కనే, ఊకో' అని అన్న. 'నేను చాయ్‌కి పోతున్న' అని మాకు టైం జెప్పేదే గా సారు."

మాది కాకినాడ. 'ఎరుకే లేదు' అని నా చెవికి వినబడింది. నిజానికి ఆవిడ అన్నది 'తెలుసులే, వదిలెయ్' అని. మరోసారి అడిగితే పోయేది, కానీ నా సిద్ధాంతానికి సరిపోయిందని అడగలేదు. తెలిసీ తెలియనట్టు ఉండడం ఆయన రోజూ మనసుపెట్టి చేసిన పని. రోజువారీ పనుల మీద పరిశోధన చేస్తున్న నాకు అదొక్కటే కనబడలేదు.

ఆ అధ్యాయం తీసేస్తానన్నాను.

"తీసేస్తె నా నౌకరి అస్తదా? ఉండనీ. గా సారు ఇంకో కంపెనీల జేరిండు, ఇగ భయం లేదు. ఎర్కుండే ఊకున్నడని రాయి. మందిల మొద్దోడయిపాయె పాపం." ఇంకో పాయ ఒలిచి అన్నారు, "కంపెనోళ్లకు ఇచ్చినవు గని, ఒక్కనాడన్న మాకు సదివి ఇనిపియ్యకపోతివి."

క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ మళ్లీ అడగలేదు. ఆటోలో కూర్చుని ఆయనకు తెలియదన్న వాక్యం కొట్టేసి ఆవిడ చెప్పినట్టే రాశాను. సిద్ధాంతం అలాగే ఉంది, చదువుకున్నదాన్నని నాకున్న గర్వమే పోయింది. వెళ్లేవారికి ఒక్క సలహా. ఎవరి మాటలు రాసుకున్నారో ముందు వాళ్లకు చదివి వినిపించండి, ఆ తర్వాతే ఇంకెవరికైనా ఇవ్వండి. ఆదివారం పదకొండు దాటాక బస్తీలో అందరూ ఇళ్లలోనే ఉంటారు. ఆ మూడు నెలల్లో నాకు అలాంటి ఆదివారాలు పన్నెండు దొరికాయి.