కొత్తపట్నం చేరేసరికి ఒక్క గౌనే పాడైంది

బస్సెక్కితే వాంతులు చేసుకునే పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. ఫోనులో మాట్లాడితే అదే అక్షరాలు చేసింది, తప్పులు మా మేనకోడలు దిద్దింది. సంతోషం ఎక్కువై చెప్పిన మాటే మళ్ళీ చెబితే ఏమీ అనుకోకండి.

మా పాప దీవెనకు ఆరేళ్ళు. నాకు అరవై. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు, ఇంక మనకు పిల్లల్లేరులే అని నేనూ మా రాహేలూ ఆ మాట ఎత్తడమే మానేశాక పుట్టింది. దేవుడికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా నాకు తనివి తీరదు. ఒకటే బాధ ఏమిటంటే, చక్రాలున్న బండి ఏదెక్కినా పావుగంటలో కక్కేస్తుంది. కొత్తపట్నంలో ఉన్న వాళ్ళమ్మమ్మ దాన్ని అయిదు నెలల పిల్లప్పుడు చూసిందే. తర్వాత రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ చిలకలూరిపేట నుంచే ఇంటికి తిరిగొచ్చాం. పిల్ల మొహం తోటకూర కాడలా వేలాడిపోతుంటే చూడలేక ఇంక ప్రయాణాలే వద్దన్నాను.

మొన్న మా అత్తగారు దొడ్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మంచం మీద అన్నీ చెయ్యాలి, రాహేలు వెళ్ళక తప్పలేదు. రెండు రోజుల్లో వస్తానని వెళ్ళిన మనిషికి పది రోజులు దాటాయి. నాకు వంట వచ్చు, జడ వెయ్యడం వచ్చు, కానీ పిల్ల నా చేతి ముద్ద రెండుసార్లు తిని మూడోసారికి మొహం తిప్పేస్తోంది. వీడియో కాల్‌లో అమ్మ కనిపిస్తే ఫోను తీసుకెళ్ళి తలుపు వెనక కూర్చుంటోంది. ఎలాగైనా తీసుకెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో పడెయ్యాలనుకున్నాను. నేను పనిచేసే దూది మిల్లులో మూడు రోజులు సెలవడిగి, శనివారం పొద్దున బయల్దేరాను.

నా ఏర్పాట్లు వింటే నవ్వుతారు. ఖాళీ కడుపుతో తిప్పుతుందని రెండు గ్లాసుల పాలు తాగించి, పళ్ళెం నిండా ఉప్మా తినిపించాను. మూడు గౌన్లు, పది ప్లాస్టిక్ కవర్లు, వాసన చూడటానికి నిమ్మకాయ, కింద పరిస్తే వాంతి రాదని ఎవరో చెప్పిన పాత పేపరు, అన్నీ సంచిలో సర్దాను. ఇక బయట చెట్లూ స్తంభాలూ పరిగెత్తడం చూస్తే కళ్ళు తిరుగుతాయని, ఎప్పటిలాగే తువ్వాలు తల మీంచి కప్పి మొహం నా గుండెకు ఆనించుకున్నాను.

మా ఊరి నుంచి పేటకు తొమ్మిది కిలోమీటర్లు, షేర్ ఆటోకి ముప్ఫై రూపాయలు. ఆరున్నరకు ఎక్కాం. ఇది మిరపకాయల కాలం, రోడ్డుకి రెండు పక్కలా కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఆటో వెనక కూడా రెండు మిరప బస్తాలు వేశాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, "బాబాయ్, మనవరాలా?" అన్నాడు.

"కూతురయ్యా."

"అబ్బో! లేటుగా వచ్చినా లేటెస్టుగా వచ్చావే!" అని ఆటో అంతా నవ్వించాడు. నేనూ నవ్వాను, ఈ మాట నాకు రోజూ ఉండేదే. ఆ నవ్వులోనే ఘాటుకి తుమ్ములు, తుమ్ముల వెనకే పాలూ ఉప్మా అన్నీ వచ్చేశాయి. కవరు తీసే టైమే ఇవ్వలేదు. మొదటి గౌను పోయింది, నా చొక్కా పోయింది.

బస్టాండు కుళాయి దగ్గర కడిగి, గౌను మార్చి, సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టాను. ఇంకా డెబ్భై కిలోమీటర్లు ఒంగోలు, అక్కడి నుంచి మళ్ళీ పద్దెనిమిది. "ఇంటికి పోదామా తల్లీ?" అన్నాను.

"అమ్మ అక్కడుంది కదా నాన్నా" అంది.

ఏడుస్తూ అనుంటే ఏదో సముదాయించేవాణ్ణి. మామూలుగా చెప్పింది. ఇక లేచి ఏడూ ముప్పావు ఒంగోలు ఎక్స్‌ప్రెస్ దగ్గరికి నడిచాను. కండక్టరు నలభై ఏళ్ళ ఆవిడ, గొంతు బొంగురుపోయి ఉంది. తువ్వాలు ముసుగులో ఉన్న పిల్లను చూసి మెట్టు మీదే ఆపింది.

"ఏం తాతా, ముసుగేసి పిల్లని ఎత్తుకుపోతున్నావా ఏంది?"

తువ్వాల్లోంచే జవాబొచ్చింది: "తాత కాదు. మా నాన్న."

ఆవిడ నాలిక్కరుచుకుని, "తప్పయిపోయిందమ్మా" అని నా వైపు తిరిగింది. సంగతి చెప్పాను. పాలూ ఉప్మా లెక్క వినగానే నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అంత కుక్కితే నాకే తిరుగుద్ది, చంటిదానికి తిరగదా? ముందు ఆ గుడ్డ తీసెయ్యి. గాలాడదు, దారి కనపడదు, బండి ఎటు పోతుందో దానికెట్టా తెలుస్తది? మా వాడూ ఇంతే చేసేవాడు. డ్యూటీకి తెచ్చి ముందు కూర్చోబెట్టా, పోయింది."

ముందు తలుపు పక్క సీట్లో కూర్చున్న కుర్రాణ్ణి, "ఏరా అబ్బాయ్, నువ్వు ఎనక్కెళ్ళు" అని లేపి మమ్మల్ని కూర్చోబెట్టింది. ఎదురుగా పెద్ద అద్దం, రోడ్డంతా కనిపిస్తోంది. ఆడపిల్లలకు ఇప్పుడు డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. నాకు నూట ఇరవై అయింది. దీవెన తన టికెట్ రెండు చేతులతో పట్టుకుంది. బస్సు హైవే ఎక్కగానే ఆవిడ వంగి, "చదవడం వచ్చా?" అని అడిగింది.

"ఒకటో తరగతి. ఒత్తులు కొన్ని రావు."

"నాకు జలుబు చేసి గొంతు పోయింది. పచ్చ బోర్డు మీద ఊరి పేరు కనపడితే నువ్వే గట్టిగా చెప్పాలి. దిగేవాళ్ళు దిగకపోతే తప్పు నీదే మరి."

నా చెయ్యి మాత్రం జేబులో కవరు మీదే ఉంది. బొప్పూడి బోర్డు వచ్చేసరికి పిల్ల పెదాలు కదులుతున్నాయి కానీ మాట బయటికి రాలేదు, ఊరు దాటిపోయింది. "పోయిందే!" అని కండక్టరమ్మ బుగ్గ నొక్కుకుంది. ఆ తర్వాత పిల్ల రెప్ప వెయ్యలేదు. "మా... ర్టూ... రు" అని కూడబలుక్కుని, ఒక్కసారిగా "మార్టూరు! మార్టూరు దిగేవాళ్ళు!" అని అరిచింది. బస్సంతా వెనక్కీ ముందుకీ చూసి నవ్వింది. బుట్టతో దిగుతున్న ఒక ముసలావిడ, "దిగుతున్నానమ్మా కండక్టరు గారూ, తొయ్యబాక" అంది. దీవెన వెన్ను నిటారుగా అయింది.

మేదరమెట్ల దగ్గర పిల్ల ఉన్నట్టుండి గమ్మునైపోయింది, నుదుటి మీద చెమట, నోరు కొద్దిగా తెరిచింది. ఈ గుర్తులు నాకు తెలుసు. గబుక్కున కవరు విప్పి మొహం ముందు పెట్టాను.

"అడ్డం తియ్యి నాన్నా, బోర్డు కనపడట్లా!"

కవరు తీశాను. నా కళ్ళలో నీళ్ళు చూసి డ్రైవరు గారు, "ఏందయ్యా, పెద్దోడివి, నీక్కూడా తిరుగుతుందా?" అన్నారు. పిల్ల మద్దిపాడు పిలిచింది, ఒంగోలు పిలిచింది. పది గంటలకు బస్టాండులో దిగాం, గౌను పొడిగా ఉంది. నేను కండక్టరమ్మకు చేతులెత్తి దండం పెడితే, "నాకెందుకయ్యా, పనంతా మీ పాపే చేసింది" అని ఇంకో బస్సు వైపు వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు, ఇప్పటికీ నాకు అదే వెలితి.

ఒంగోలులో బస్టాండు బయట పాప రెండు ఇడ్లీలు తనంతట తాను అడిగి తింది. ఒక గంట ఆగి, కొత్తపట్నం ఆటో ఎక్కాం. మనిషికి నలభై, ముప్పావు గంట. వెనక్కి తిరిగి కూర్చునే సీటు కాకుండా డ్రైవరు వెనక సీటే కావాలని అదే పేచీ పెట్టింది. దారిలో ఒక చోట ఉప్పు గాలి తగిలి, "నాన్నా, చేపల కూర వాసన" అంది.

రాహేలు వీధి చివరే నిలబడి ఉంది. పిల్ల ఆటో ఆగీ ఆగకముందే దూకి పరిగెత్తింది. రాహేలు దాన్ని ఎత్తుకుని, ముందు గౌను తడిమి చూసి, నా వైపు తిరిగి, "ఎన్ని పాడయ్యాయి?" అంది.

"ఒక్కటే. అదీ ఆటోలో."

నమ్మలేదు, సంచి తీసి లెక్కపెట్టుకుంది. లోపల మా అత్తగారికి చూపు ఆనదు. మంచం పక్కన నిలబెడితే పిల్ల మొహమంతా వేళ్ళతో తడిమి, "ఏందయ్యా అల్లుడూ, అన్నీ ఎముకలే. ఏం పెడుతున్నావు?" అని నన్ను తిట్టి, ఏడ్చి, మళ్ళీ తడిమింది. మధ్యాహ్నం చేపల పులుసుతో వాళ్ళమ్మ కలిపిన ముద్దలు పదకొండు తింది దీవెన. నేనే లెక్కపెట్టాను. ఎండ తగ్గాక సముద్రం చూపించాను. అలలు పెద్దవి, పిల్లలున్నవాళ్ళు మడమలు తడిసే దాకానే వెళ్ళండి.

నాలాంటి ముసలి తండ్రికి ఒక భయం ఉంటుంది, పైకి చెప్పం. దానికి ఇరవై ఏళ్ళొచ్చేసరికి నాకు డెబ్భై నాలుగు. అప్పటికి నేనుంటానో లేదో, ఉంటే దాని చెయ్యి పట్టుకుని నడిచే ఓపిక ఉంటుందో లేదో. అందుకే ఉన్నన్నాళ్ళూ ఏ ఎండా, ఏ కుదుపూ తగలకుండా గుండెకు అదుముకుని కూర్చున్నాను. ఊపిరాడక దానికి తిప్పుతోందని ఆరేళ్ళూ నాకు తట్టలేదు. నా పక్క సీట్లో కూర్చుని, నా వైపు చూడకుండా, ముందున్న రోడ్డు చూస్తూ ఊళ్ళ పేర్లు పిలుస్తున్న పిల్లను చూశాక గుండె తేలికైంది. నేను లేని రోజున కూడా అది చేరాల్సిన చోటికి చేరుతుంది. స్తోత్రం, స్తోత్రం.

ఒక్క సలహా. ఇలాంటి పిల్లలున్నవాళ్ళు బయల్దేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలకు మించి పెట్టకండి, బస్టాండుకు పావుగంట ముందే వెళ్ళి, అద్దం కనిపించే ముందు సీటు మొహమాటం లేకుండా అడగండి, ఎవరో ఒకరు తప్పక లేస్తారు.