గాజులు తొడగనన్న అవ్వ

మా ఊరికి గాజులు తెచ్చే అవ్వను తలుచుకోకుండా నాకు పొద్దు గడవదు. సాయిబుల ఇంటామె. గాజుల మలారం భుజానేసుకోని ఊరూరు తిరిగేది. నోరు మాత్రం శానా పెద్దది. ఎవురికీ జడిసే మనిషి కాదు.

కరువుకు తాళలేక నా మొగుడు బర్మాకు పోయినాడు, బియ్యం మిల్లులో పనికి. అవ్వకుండే ఒక్క కొడుకూ ఆయప్పతోనే పోయినాడు. యుద్ధమొచ్చినాక ఒగదినం తలారి తప్పెట కొట్టి సర్కారు మాట చెప్పినాడు. వాళ్లుండే ఊర్లో జపానోళ్లు మన కూలోళ్లను ఒక్కర్నీ ఇడ్సకుండా సంపేసినారంట, పగ తీర్సుకునేకి పటాలంలో చేరాలంట.

మా అత్త గుండెలు బాదుకునింది. పెద్దమనుషులు కూడి కర్మాంతరానికి పొద్దు కుదిర్సినారు. మాలో ఒక ఆచారముండాది. ముండమోపిని చేసే ముందర రెండు చేతుల నిండా కొత్త గాజులు తొడిగి, పూలు పెట్టి, ఆ మీదట గాజులు పగలగొడ్తారు. అందుకే అవ్వను పిలిపిచ్చినారు. నేను గోడకానుకోని కూసోనుండా. ఏడ్సి ఏడ్సి కండ్లల్లో నీళ్లు గూడా లేవు.

అవ్వ పక్కూర్ల నుంచి నేరుగా వచ్చింది, తప్పెట మాట ఇనలేదు. మలారం ఇప్పి, నా చెయ్యి పట్టుకోని, "ఏం పండగమ్మీ?" అనింది. మా అత్త ఏడుస్తానే చెప్పింది. అవ్వ మొగం నల్లబడింది. ఆమె కొడుకూ ఆడే ఉండాడు కదా.

"ఎవురు చూసినారు?" అనింది.

"సర్కారోళ్లే చెప్పినారు" అన్నాడు మా మామ.

"సర్కారు శానా చెప్తాది లేప్పా. చూసినోడొచ్చి చెప్పనీ. నేను తొడగను. తొడిగితే నా కొడుకును నా చేత్తో పూడ్సుకున్నట్టే."

మలారం మూట గట్టుకోని పోయింది. చుట్టుపక్కల గాజులామె ఆమె ఒక్కతే. ఆదోనికి మనిషిని పంపుదామంటే విత్తనాల కాలం, ఎవురూ కదల్లేదు. అట్ల కర్మాంతరం నిలబడిపోయింది.

కోతలప్పుడు నా మొగుడొచ్చినాడు. ఎముకలూ గడ్డమూ తప్ప మనిషిలో ఏం లేదు. మా అత్త గూడా గుర్తుపట్టలేదు. కానీ ఒక్కడే వచ్చినాడు.

కబురంపితే అవ్వ వచ్చి ఎదురుగా కూసునింది. ఆయప్ప తలొంచుకోని చెప్పినాడు. "బాంబులు పడినాయవ్వా, మనోళ్లు శానామంది పోయినారు. అది నిజమే. మేమిద్దరం తప్పిచ్చుకోని అడవుల్లో నడిసొచ్చినాం. ఏటికాడ పడవలు ముందు దొరలకని మనోళ్లను ఇసకలో ఆపేసినారు, మన సర్కారు బంట్రోతులే. ఆడ వాంతులూ భేదులూ తగులుకున్యాయి. మందూ లేదు, మాకూ లేదు. నా ఒళ్లోనే పోయినాడు."

"మల్ల జపానోళ్లు సంపినారనిరి?" అన్నాడు మా మామ.

అవ్వ కొంగుతో మొగం తుడ్సుకోని, నా చెయ్యి దగ్గరికి లాక్కోని, పచ్చగాజులు ఏరి ఏరి తొడిగింది. కొడుకు సావు ఇన్న చోటనే కూసోని, ఆ తల్లి నాకు ముత్తైదు గాజులేసింది.