రెండు మిషన్లకూ బొట్టు

దంతాలపల్లిలో దర్వాజలు చేసే వడ్రంగి మొగిలాచారి రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఉలికీ రంపానికీ కుంకుమ బొట్టు పెట్టి కళ్లకద్దుకునేవాడు. ఎనభై మూడులో ఆయన కొట్టానికి కరెంటొచ్చింది. మానుకోటలో కొత్తగా దుకాణం పెట్టిన ఉపేందర్ రెండు కంపెనీల డ్రిల్లింగు మిషన్లు ఆయన దగ్గరికి తెచ్చాడు, ఒకటి పచ్చది, ఒకటి నీలిది.

"మామా, వడ్లోళ్లందరు నీ మాటే వింటరు. నేను దుకాణం నిండ నీలియే నింపిన. ఏది మంచిదో నువ్వే చెప్పు."

చారి రెండిటికీ బొట్టు పెట్టాడు. పచ్చది తుమ్మమొద్దులోకి వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఇద్దరూ అంబలి తాగి వచ్చాక నీలిది పట్టుకుంటే, అది మూలుగుతూ సగంలోనే ఆగింది.

"గిది ముసలెద్దు లెక్కున్నది బిడ్డా."

ఉపేందర్ ముఖం వాడిపోయింది. నీలిదాన్ని సంచిలో పెట్టుకున్నాడు. అంతలో లోపలి నుంచి చారి భార్య సరోజన కేకేసింది.

"ఇంట్ల కరెంటు బుగ్గ మినుకుమినుకుమంటున్నది. మీరు అంబలి తాగేటప్పుడే పక్క చెలకల పటేలు బాయి మోటరేసినట్టున్నడు!"

చారి నాలుక కరుచుకున్నాడు. పచ్చదాన్ని నిండు కరెంటులో చూసి, నీలిదాన్ని కొనఊపిరి కరెంటులో చూశాడు. నోరులేని దాని మీద నింద వేశాడు, పిల్లగాడి పొట్ట మీద కొట్టబోయాడు.

"జర ఆగు బిడ్డా, పోకు" అని కండువా భుజాన వేసుకుని పక్క చెలకలోకి గబగబా నడిచాడు.

"నిరంజన్ పటేలా, జర అరగంట మోటరు బందుపెట్టుండ్రి. మిషన్ మీద ఒక మాట తప్పుగ అన్న. మల్ల చూసి చెప్పాలె."