నల్ల తీగ

మా బాబాయి లిఫ్టులు బాగుచేసి బతికాడు. ఏ భవనంలోకి వెళ్ళినా ముందు లిఫ్టులో గంట నొక్కేవాడు. అది మోగేదాకా పని ముట్టుకునేవాడు కాదు. చుట్టాలింటికి వెళ్ళినా ఇదే వరస, పక్కనున్న మాకు తల కొట్టేసినట్టుండేది. "మోటారు ఆగితే ఏముంది, కాసేపు నిలబడతారు. గంట మోగకపోతే లోపలున్నవాళ్ళకి దిక్కెవరు?" అనేవాడు. కరెంటు పోయినా మోగాలి గనుక గంటకు విడిగా బ్యాటరీ ఉండాలన్నది ఆయనకు వేదవాక్కు.

పక్షవాతం వచ్చి పిన్నికి మాట పడిపోయింది. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే ఆమె చెప్పినట్టు వినేది. అంతకుముందు పిన్ని గొంతెత్తితే వీధి చివర కుక్క కూడా లేచి నిలబడేది. ఆ ఇంట్లో నిశ్శబ్దం నేను భరించలేకపోయాను.

బాబాయి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పిన్ని వేలి కింద ఒక బటన్, దాని వెనక నొక్కుళ్ళు లెక్కపెట్టి పంపే అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు అమర్చాడు. హాల్లో గోడకి చిన్న కంప్యూటర్ బోర్డు, దానికో తెర, ఓ స్పీకరు. రెండిటి సీరియల్ పిన్నుల మధ్య సన్నటి తీగలు లాగాడు. ఒకసారి నొక్కితే స్పీకరు "ఇలా రండి" అనాలి, రెండుసార్లు నొక్కితే "నీళ్ళు" అనాలి. ఇటు చెప్పే పిన్ను అటు వినే పిన్నుకి కలపాలట. మొదట చెప్పేదాన్ని చెప్పేదానికే కలిపాడు. చడీ చప్పుడూ లేదు.

"నేనూ మీ పిన్నీ పోట్లాడుకున్నట్టే ఉందమ్మా. ఇద్దరూ మాట్లాడేవాళ్ళే, వినేవాళ్ళు లేరు" అని నవ్వాడు. పిన్ని మంచాన పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు.

తీగలు మార్చాక స్పీకరు పలికింది. ఆ తర్వాత ఆయనకు బ్యాటరీ సంగతి గుర్తొచ్చింది. అప్పటిదాకా పిన్ని దగ్గరి బోర్డుకి కరెంటు కంప్యూటర్ నుంచే, ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ మీదుగా వచ్చేది. రెండు బోర్డులకీ వేర్వేరు బ్యాటరీలు పెట్టాక ఈ తీగలతో పనేముందని రెండూ పీకేశాడు. అప్పటికే పిన్ని నిద్రలోకి జారుకుంది. స్పీకరు మోగితే లేస్తుందని బటన్ నొక్కి చూడలేదు.

కింది వాటాలో బట్టలు కుట్టుకుంటున్న నాతో, "మందులు తెస్తానమ్మా. లేస్తే స్పీకరు పిలుస్తుంది, ఓ చెవి ఇటు వేసి ఉంచు" అని వెళ్ళాడు. నేను మిషను ఆపేసి చేతికుట్టు పెట్టుకున్నాను. పైనుంచి ఏమీ వినిపించలేదు. హాయిగా నిద్రపోతోందనుకున్నాను.

ఆయన తిరిగొచ్చి వేసిన కేక విని పైకి పరిగెత్తాను. పక్క తడిసిపోయి ఉంది. పిన్ని కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. వేలు ఇంకా బటన్ నొక్కుతూనే ఉంది.

బాబాయి ఆమెను శుభ్రం చేసి, పొడిబట్టలు కట్టి, అప్పుడు హాల్లోకొచ్చి కూలబడ్డాడు. కంప్యూటర్ తెర మీద తలాతోకా లేని గుర్తులు.

"నల్ల తీగ పీకేశాను. అటు ఎంత కరెంటు పంపినా, ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో ఇటు తెలియాలిగా? రెండిటికీ మొదలు ఒకటే ఉండాలి. ఆ మొదలే ఈ తీగ. బ్యాటరీ వేరైనా ఇది ఉండాల్సిందే." తీగ చేతిలో పట్టుకుని, "ఊరందరి గంటలూ నొక్కి చూశాను. నా ఇంటిది చూడలేదు" అని ఏడ్చాడు.

నల్ల తీగ మళ్ళీ కలిపాడు, నొక్కి చూశాడు, పలికింది. కానీ పిన్ని ఆ బటన్ ముట్టుకోలేదు. మరునాడూ అంతే. దాహమేసినా ఎవరైనా వచ్చి అడిగేదాకా పడుకునే ఉండేది. అలిగిందనుకున్నాం. అలక కాదు, నమ్మకం పోయింది.

ఒక ఉదయం బాబాయి వంటగదిలో బియ్యం కడుగుతుంటే హాల్లోంచి వినిపించింది, "ఇలా రండి". తడి చేతులతోనే పరిగెత్తాడు. ఏం కావాలని అడిగితే పిన్ని ఏమీ వద్దన్నట్టు కళ్ళు మూసింది. ఆయన వంటగదికి చేరాడో లేదో మళ్ళీ పిలుపు. మళ్ళీ వెళ్ళాడు. ఇంకోసారి కూడా అదే తంతు కావడంతో పిన్ని పక్కనే ఉన్న నాకు ఒళ్ళు మండింది.

"ఏంటి పిన్నీ, ఈ వయసులో ఆయన్నిలా పరుగులు పెట్టిస్తావా?"

"ఉండమ్మా," అన్నాడు బాబాయి. "గంట చూసుకుంటోంది."

ఆయన వంటగదిలోకి వెళ్ళాడు. బియ్యం ముట్టుకోకుండా, మళ్ళీ పిలుస్తుందని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.